సిటీకి దూరంగా విల్లా, ఫామ్ ప్లాట్.. గాలి బాగుంది సరే, నీళ్లు ఎవరిస్తారు? కొనేముందు చూడాల్సిన లెక్కలివే..

ఇంటి ముందు మామిడి చెట్టు, వెనక కూరగాయల మడి, పిల్లలు సైకిళ్లు తొక్కుకోవడానికి 40 అడుగుల రోడ్డు, గేటు దగ్గర సెక్యూరిటీ.. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటితే చాలు, ప్రతి హోర్డింగ్ మీదా దాదాపు ఇదే బొమ్మ. శంకర్‌పల్లి, మోకిల, చేవెళ్ల, షాద్‌నగర్, మహేశ్వరం, శామీర్‌పేట.. ఏ రూట్‌లో వెళ్లినా ఆర్చీలు, జెండాలు, సైట్ విజిట్ కార్లే కనిపిస్తాయి.

ఈ మోజుకు కారణం లేకపోలేదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అలాంటి భూమి మీద కట్టేది 40, 50 అంతస్తుల టవర్లే తప్ప పెరడు ఉన్న ఇల్లు కాదు. కాస్త నేల, కాస్త ఆకాశం కావాలనుకునే మధ్యతరగతి ఊరి బయటకు చూడక తప్పని పరిస్థితి. కరోనా టైంలో ఫ్లాట్లలో నెలల తరబడి ఇరుక్కుపోయిన అనుభవం, ఆ తర్వాత వచ్చిన వర్క్ ఫ్రమ్ హోమ్ ఈ ఆలోచనకు ఇంకాస్త ఊపునిచ్చాయి.

అయితే బ్రోచర్‌లో కనిపించేది ఒకటి, కాగితాల్లో ఉండేది ఇంకొకటి. జీవితకాలం దాచుకున్న డబ్బు పెట్టేముందు ఏం చూడాలి? అక్కడ నిజంగా కాపురం పెడితే నెల ఎలా గడుస్తుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకే బొమ్మ.. మూడు రకాల సరుకు

హోర్డింగ్ మీద బొమ్మ ఒక్కటే అయినా అమ్మేవి మూడు వేర్వేరు వస్తువులు.

మొదటిది, విల్లా గేటెడ్ కమ్యూనిటీ. బిల్డరే ఇళ్లు కట్టి, క్లబ్‌హౌస్, రోడ్లు, మురుగునీటి శుద్ధి ప్లాంటు ఏర్పాటు చేసి అమ్ముతాడు.

రెండోది, ఓపెన్ ప్లాట్ల లేఅవుట్. భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చి, రోడ్లు, డ్రైనేజీ, పార్కు వేసి ప్లాట్లుగా అమ్ముతారు. ఇల్లు కొన్నవాళ్లే కట్టుకోవాలి.

మూడోది, ఫామ్ ప్లాట్. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కాగితాల్లో ఇది ఇప్పటికీ వ్యవసాయ భూమే. చుట్టూ ఫెన్సింగ్, మట్టి రోడ్డు, నాలుగు మొక్కలు వేసి '5 గుంటలు మీ సొంతం' అని అమ్ముతుంటారు.

ఈ మూడింటికీ ధరలో తేడా ఎక్కువ. చట్టపరమైన రక్షణలో ఉన్న తేడా అంతకంటే ఎక్కువ.

ఫామ్ ప్లాట్ ఎందుకంత చౌక?

ఎకరం అంటే 40 గుంటలు, 4,840 గజాలు. ఒక్కో గుంట 121 గజాలు. అంటే 5 గుంటల ప్లాట్ 605 గజాలు. సిటీలో 150 గజాల జాగా కూడా దొరకని ధరకు 605 గజాలు వస్తుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

చౌకకు కారణం సింపుల్. అనుమతి ఉన్న లేఅవుట్ వేయాలంటే ముందు నాలా కన్వర్షన్ ఫీజు కట్టాలి. రోడ్లకు, పార్కుకు జాగా వదలాలి. ఒక్క పార్కు, ఖాళీ స్థలానికే 10 శాతం పోతుంది. రోడ్లు కూడా పోగా ఎకరంలో అమ్మకానికి మిగిలేది సగానికి కాస్త పైన. డ్రైనేజీ, కరెంటు స్తంభాలు, నీళ్ల ట్యాంకు ఖర్చు అదనం. ఫామ్ ప్లాట్లు అమ్మేవాళ్లు ఇవన్నీ ఎగ్గొడతారు. ఆ మిగులులో కొంత కొనేవాడికి డిస్కౌంట్‌గా కనిపిస్తుంది. కానీ రేపు ఇల్లు కట్టాలనుకున్నప్పుడు ఆ బరువంతా కొన్నవాడి నెత్తిమీదే పడుతుంది.

తెలంగాణలో ఫామ్ ల్యాండ్ అంటే కనీసం 20 గుంటలు, అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు ఉండాలి. అంతకంటే చిన్న ముక్కలుగా కోసి అమ్మే ఫామ్ ప్లాట్లు కొనొద్దని 2025 మొదట్లో హైడ్రా కూడా జనాన్ని హెచ్చరించింది. లేఅవుట్ అనుమతి లేని చోట ఇంటి నిర్మాణానికి పర్మిషన్ రాదు. బ్యాంకులు కూడా ఇలాంటి ప్లాట్లకు హోమ్ లోన్ ఇవ్వవు. 'బ్యాంక్ లోన్ రాదు కానీ మేమే ఈఎంఐ పెడతాం' అని సేల్స్‌మన్ అంటున్నాడంటే, అది ఆఫర్ కాదు.. హెచ్చరిక.

20 గుంటల రూల్‌ను తప్పించుకోవడానికి కొందరు ఇంకో దారి పట్టారు. నలుగురైదుగురి పేర్ల మీద కలిపి ఒకే రిజిస్ట్రేషన్ చేయిస్తారు. కాగితం మీద అందరూ ఉమ్మడి యజమానులే. ఎవరి 5 గుంటలు ఎక్కడున్నాయో హద్దులతో రాసి ఉండదు. అందులో ఒకరు చనిపోయినా, ఒకరు అమ్ముకోవాలన్నా, రోడ్డు పక్క బిట్ నాదంటే నాదని తగవు వచ్చినా తేలాల్సింది సివిల్ కోర్టులోనే.

అనుమతి ఎవరివ్వాలి?

'గ్రామ పంచాయతీ అప్రూవ్డ్ లేఅవుట్' అన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. సర్పంచ్ సంతకం, పంచాయతీ ముద్ర ఉన్నంత మాత్రాన లేఅవుట్ చట్టబద్ధం కాదు. హెచ్ఎండీఏ పరిధిలో ఉంటే హెచ్ఎండీఏ, బయట ఉంటే డీటీసీపీ సాంకేతిక అనుమతి ఉండాలి. హెచ్ఎండీఏ పరిధిని 2025లో ప్రతిపాదిత ట్రిపుల్ ఆర్ దాకా పెంచారు. కాబట్టి ఊరు ఇప్పుడు ఎవరి పరిధిలో ఉందో పాత బ్రోచర్ చూసి కాకుండా కొత్తగా కనుక్కోవాలి.

రెండో కాగితం రెరా. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన ప్లాట్ల లేఅవుట్‌కైనా, 8 దాటిన ఫ్లాట్లకైనా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబర్ రాకముందే ప్రకటనలు ఇవ్వకూడదు, బుకింగ్ డబ్బులు తీసుకోకూడదు. రాతపూర్వక అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో పెట్టి, ఆ ప్రాజెక్టు భూమి, నిర్మాణ ఖర్చులకే వాడాలి. ఇల్లు అప్పగించాక ఐదేళ్లలో కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి.

'ప్రీ-లాంచ్ ఆఫర్, ఇప్పుడు కడితే సగం ధరకే' అన్నది ఈ రూల్స్ అన్నింటికీ బయట ఉన్న వ్యవహారం. రెరా నంబర్ లేని చోట డబ్బు కట్టినవాళ్లు ఆ తర్వాత స్టేషన్లు, కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తోంది.

చాలామందికి తెలియని పాయింట్ ఇంకొకటి ఉంది. లేఅవుట్ పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లను అనుమతి ఇచ్చిన సంస్థ తన దగ్గర తనఖా పెట్టుకుంటుంది. రోడ్లు, డ్రైనేజీ పూర్తి చేస్తేనే వాటిని విడుదల చేస్తుంది. ఆ తనఖా ప్లాట్ల నంబర్లు అనుమతి పత్రంలోనే ఉంటాయి. కొంటున్న ప్లాట్ నంబర్ ఆ లిస్టులో ఉందేమో చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. చూసుకోకపోతే రిజిస్ట్రేషన్ ఏళ్ల తరబడి ఆగిపోవచ్చు.

భూమికి జాతకం చూడాలి

ప్లాన్ అప్రూవల్ ఉందంటే భూమి క్లియర్ అని కాదు. ఆ భూమి అంతకుముందు ఎవరిది అన్నది వేరే ప్రశ్న. పేదలకు ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమిని 1977 చట్టం ప్రకారం అమ్మడానికి వీల్లేదు. కొన్నవాళ్ల నుంచి ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. సీలింగ్, వక్ఫ్, భూదాన్, దేవాదాయ భూములు, రక్షిత కౌలుదారుల హక్కులున్న భూములతోనూ చిక్కే.

అందుకే సర్వే నంబర్ తీసుకుని మూడు చోట్ల చూడాలి. రిజిస్ట్రేషన్ శాఖలో కనీసం 30 ఏళ్ల ఈసీ. నిషేధిత భూముల జాబితా, అంటే జనం 22-ఏ అని పిలిచే లిస్టు. రెవెన్యూ రికార్డుల్లో పాత పహాణీలు, ముఖ్యంగా 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి పోర్టల్ వచ్చింది. ఆన్‌లైన్‌లో కనిపించే పేరు ఒక్కటే చూసి ఆగిపోకుండా, ఆ పేరుకు భూమి ఎలా వచ్చిందో లింకు డాక్యుమెంట్లు అడగాలి. లాయర్ ఫీజు దండగ అనుకుని ఇక్కడ మిగుల్చుకునే డబ్బు, తర్వాత పోయేదాంతో పోలిస్తే లెక్కలోకి రాదు.

లేక్ వ్యూ అన్నారా.. ఎంత దూరం?

చెరువు పక్కన ఇల్లు అంటే రేటు ఎక్కువ. కానీ చెరువుకు ఒక హద్దు ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో అదే ఎఫ్‌టీఎల్. నిబంధనల ప్రకారం 25 ఎకరాలు, అంతకుమించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలా అయితే 9 మీటర్లు, చిన్నదైతే 2 మీటర్లు వదలాలి. మండు వేసవిలో సైట్ చూస్తే ఎండిన చెరువు మైదానంలా కనిపిస్తుంది. ఆ మైదానంలోనే ప్లాట్ రాళ్లు పాతి అమ్మిన ఘటనలు ఎన్నో. 2024 జులైలో హైడ్రా ఏర్పాటయ్యాక కూల్చివేతలు ఏ స్థాయిలో జరిగాయో అందరూ టీవీల్లో చూసిందే.

ప్రభుత్వం కూల్చకపోయినా నీళ్లు ఊరుకోవు. 2022 సెప్టెంబర్‌లో బెంగళూరు యెమలూరులో కోట్లు పలికే విల్లాలు నీట మునిగితే, అక్కడివాళ్లను ట్రాక్టర్ల మీద బయటకు తీసుకొచ్చారు.

హైదరాబాద్ పడమటి వైపు మరో అంశం 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ను కాపాడేందుకు 1996 మార్చి 8న వచ్చిన ఈ జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలను షరతులతో సడలించారు. జంట జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్నది అందులో కీలకం. '111 ఎత్తేశారు కదా' అన్న ఒక్క మాట మీద మొయినాబాద్ వైపు ప్లాట్ కొనడం కాదు.. ఆ సర్వే నంబర్‌కు వచ్చిన అనుమతి కాగితం చేతిలో పట్టుకుని చూడాలి.

అసలు పరీక్ష నీళ్లదే

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇల్లు కట్టారు, పాలు పొంగించారు. ఆ తర్వాత రోజూ ఎదురయ్యేది నీళ్ల ప్రశ్న. సిటీలో నల్లా తిప్పితే మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వస్తాయి. ఔటర్ అవతల చాలా కమ్యూనిటీలకు ఆధారం బోరే.

హైదరాబాద్ చుట్టుపక్కల చాలా భాగం గ్రానైట్ నేల. ఇలాంటి చోట నీళ్లు భూమి అడుగున పెద్ద చెరువులా ఉండవు. పైన మెత్తబడిన రాతి పొరలో, కింద పగుళ్లలో మాత్రమే ఉంటాయి. ఒక బోరులో రెండించుల నీళ్లు పడితే, పది అడుగుల దూరంలో వేసిన బోరు దుమ్ము లేపొచ్చు. బ్రోచర్‌లో '24 గంటల నీళ్లు' అని రాసుకోవచ్చు కానీ, రాతి పగుళ్లకు ఆ సంగతి తెలియదు కదా.

ఒక లెక్క చూద్దాం. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది కేంద్రం పెట్టుకున్న ప్రమాణం. ఉదాహరణకు 200 విల్లాలు, ఇంటికి నలుగురు అనుకుంటే 800 మంది. అంటే రోజుకు 1,08,000 లీటర్లు. ఇది కేవలం మనుషుల వాడకం. లాన్లు, స్విమ్మింగ్ పూల్, కార్లు కడగడం ఇందులో లేవు. బోర్లు పూర్తిగా ఎండిపోతే రోజుకు 10,000 లీటర్ల ట్యాంకర్లు 11 రావాలి. 2024 వేసవిలో బెంగళూరు శివార్లలోని పెద్ద పెద్ద కమ్యూనిటీలు ట్యాంకర్ల కోసం క్యూ కట్టింది ఇందుకే.

ఇందులో పక్క ఊరి రైతు గోడు కూడా ఉంది. కమ్యూనిటీ గోడ భూమి పైనే ఉంటుంది, కింద ఉండదు. గోడకు ఇవతల లోతుగా బోర్లు వేసి పగలూ రాత్రీ తోడితే, అవతల వరి మడికి నీళ్లు పెట్టే రైతు బోరు ముందుగా ఎండుతుంది. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలన్నది కూడా ఈ తగాదాలు రాకుండా ఉండటానికే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు ఇవి. మొత్తం ఎన్ని బోర్లు? మే నెలలో ఎన్ని పనిచేశాయి? వాన నీటి ఇంకుడు గుంతలు ఎక్కడ? శుద్ధి చేసిన మురుగునీరు మొక్కలకు, టాయిలెట్లకు వాడుతున్నారా, లేక వాగులోకి వదిలేస్తున్నారా? జవాబు సేల్స్ ఆఫీసులో కాదు, అక్కడ ఇప్పటికే ఉంటున్నవాళ్ల దగ్గర దొరుకుతుంది.

మెయింటెనెన్స్.. ఎప్పటికీ తీరని ఈఎంఐ

ఇల్లు కొన్నాక లోన్ 20 ఏళ్లకు తీరుతుంది. మెయింటెనెన్స్ తీరదు. ఉదాహరణకు 3,000 చదరపు అడుగుల విల్లాకు అడుగుకు మూడున్నర రూపాయలు అనుకుంటే నెలకు 10,500. అసోసియేషన్ ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటి, ఇంటికి నెలకు 7,500 పైన ఉంటే 18 శాతం జీఎస్టీ పడుతుంది. అంటే ఇంకో 1,890. మొత్తం 12,390. ఏడాదికి దాదాపు లక్షన్నర.

విశాలమైన కమ్యూనిటీలకు ఇంకో ఇబ్బంది ఉంది. టవర్‌లో ఒక లిఫ్టు, ఒక గేటు వందల ఇళ్లకు సరిపోతాయి. ఇక్కడ కిలోమీటర్ల కొద్దీ రోడ్లు, వీధి దీపాలు, పెద్ద ప్రహరీ.. ఖర్చు పంచుకునే ఇళ్లు మాత్రం తక్కువ. పైగా పెట్టుబడి కోసం కొని తాళం వేసేవాళ్లు, విదేశాల్లో ఉండేవాళ్లు ఎక్కువైతే వసూళ్లు పడిపోతాయి. 200 ఇళ్లలో 40 ఇళ్లలోనే జనం ఉంటే, ఆ 40 మందే గార్డుల జీతాలు, పంపుల కరెంటు బిల్లు మోయాల్సి వస్తుంది. క్లబ్‌హౌస్‌కు తాళం పడేది, లాన్ ఎండిపోయేది ఇలాగే.

రెరా చట్టం ప్రకారం సగానికి పైగా యూనిట్లు బుక్ అయిన మూడు నెలల్లో యజమానుల సంఘం ఏర్పడేలా చూడటం బిల్డర్ బాధ్యత. సంఘం రిజిస్టర్ అయిందా, కార్పస్ ఫండ్ సంఘం ఖాతాకు వచ్చిందా, లేక ఇంకా బిల్డర్ దగ్గరే ఉందా.. పాత ఇల్లు కొనేవాళ్లు కూడా ఇది అడగాలి.

రోడ్డు, ఆసుపత్రి, బడి

'గచ్చిబౌలికి 30 నిమిషాలే' అని రాసిన బోర్డు ఆదివారం ఉదయం నిజమే కావచ్చు. సోమవారం ఎనిమిదిన్నరకు కాదు. వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర పడితే, నెలకు 22 పని దినాలకు 66 గంటలు కారులోనే. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తే రెండు కార్లు.

రోడ్డు ఎలాంటిదన్నది ఇంకా ముఖ్యం. హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు విస్తరణ మర్రిచెట్ల వివాదంతో ఏళ్ల తరబడి సాగలేదు. 2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. శివార్లలో నిర్మాణాలు పెరిగేకొద్దీ ఇరుకు రోడ్ల మీద టిప్పర్లూ పెరుగుతాయి. రోజూ ఆ రోడ్డు మీదే పిల్లల స్కూల్ బస్సు తిరగాలన్న సంగతి గుర్తుంచుకోవాలి.

రిటైరయ్యాక ప్రశాంతంగా ఉంటుందని వెళ్లేవాళ్లు ఎక్కువ. గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశం ఎక్కువగా ఉండేది కూడా ఆ వయసులోనే. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుంది, రాత్రిపూట డాక్టర్ ఉండే ఆసుపత్రి ఎంత దూరం అన్నది ముందే తెలుసుకోవాలి. పొలాల మధ్య ఇల్లు కాబట్టి పాము కాటుకు మందు ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుందో కూడా కనుక్కుని పెట్టుకోవాలి.

కరెంటు విషయంలోనూ ఒక మెలిక ఉంది. వ్యవసాయ బోరుకు ఇచ్చే ఉచిత కరెంటును ఫామ్‌హౌస్‌కు వాడుకోవడం కుదరదు. దొరికితే కేసు, జరిమానా. ఇంటికి డొమెస్టిక్ కనెక్షన్ వేరుగా తీసుకోవాల్సిందే.

ఊరితో పొత్తు ఎలా?

కమ్యూనిటీ ఎంత పెద్దదైనా అది ఒక ఊరి పొలాల్లో పుట్టిందే. పని మనిషి, తోటమాలి, పాలు పోసేవాళ్లు అందరూ ఆ ఊరివాళ్లే. ఎన్నో ఏళ్లుగా ఆ పొలాల మధ్య నుంచి బండ్ల బాట ఉంటుంది, శ్మశానానికి దారి ఉంటుంది. గ్రామ నక్షలో ఉన్న బాటను గోడ కట్టి మూసేస్తే ఆ తగవు బిల్డర్ వెళ్లిపోయాక కాపురం ఉండేవాళ్లకు మిగులుతుంది. మామూలు లేఅవుట్‌లో రోడ్లు, పార్కులను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేస్తారు. వాటికి గేటు పెట్టి 'ప్రైవేట్' అని బోర్డు తగిలించినా చట్టం దృష్టిలో అవి అందరివీ. అందుకే కొనేముందు గ్రామ నక్ష ఒక కాపీ తీసుకుని, లోపల పాత బాట ఏదైనా పోతుందేమో చూసుకోవడం మంచిది.

మరి కొనాలా, వద్దా?

అన్ని కాగితాలూ ఉన్న చోట, నీళ్లకు భరోసా ఉన్న చోట ఊరి బయటి బతుకు నిజంగానే బాగుంటుంది. రాత్రి నిశ్శబ్దం, పిల్లలకు ఆడుకునే జాగా, నాలుగు కూరగాయలు పండించుకునే నేల.. ఇవి సిటీలో డబ్బు పెట్టినా దొరకవు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు, వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఇది సరిపోతుంది. రోజూ సిటీకి పరుగెత్తాల్సినవాళ్లకు, తరచూ డాక్టర్ అవసరం ఉన్నవాళ్లకు కష్టమే.

తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. అదే కమ్యూనిటీలో గానీ, పక్కన గానీ మూడు నెలలు అద్దెకు ఉండి చూడటం. వీలైతే ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఎండాకాలం నీళ్లు ఎలా వస్తాయో, తొలి వానకు రోడ్డు ఏమవుతుందో, కరెంటు ఎంతసేపు పోతుందో ఆ మూడు నెలల్లో తెలిసిపోతుంది. అది కుదరకపోతే సైట్‌కు కనీసం మూడుసార్లు వెళ్లాలి. పని దినాన పొద్దున్నే ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి, గట్టి వాన కురిసిన మర్నాడు ఒకసారి. అదీ కంపెనీ కారులో కాదు, సొంత బండి మీద.

ఇక డబ్బు కట్టేముందు చేతిలో ఉండాల్సినవి: హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి పత్రం, రెరా నంబర్, నాలా కన్వర్షన్ ప్రొసీడింగ్స్, 30 ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, తనఖా ప్లాట్ల జాబితా, చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాప్, గ్రామ నక్ష. వీటిలో ఏ ఒక్కటి అడిగినా 'అవన్నీ తర్వాత ఇస్తాం సార్, ముందు టోకెన్ కట్టండి' అన్న జవాబు వస్తే, అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మంచిది.